ఒడ్డు చేరిన తప్పు

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని మనకొక సామెత ఉంది. చేసిన మేలు మరిచిపోయేవాళ్ళ గురించి దాన్ని వాడతాం. ఈమధ్య నాకు ఆ సామెతలో ఇంకో అర్థం కూడా కనబడుతోంది. ఏరు దాటాక మనం మరిచిపోయేది మల్లయ్యనొక్కణ్ణే కాదు, దాటుతున్నప్పుడు మనం చేసిన తప్పును కూడా. క్షేమంగా ఒడ్డు చేరితే చాలు, దారిలో చేసిందంతా ఒప్పయిపోతుంది. ‘ఏమీ కాలేదుగా!’ అన్న ఒక్క మాటతో పద్దు కొట్టేస్తాం. ఆ మాట ఎంతవరకు న్యాయం అన్నదే నా ప్రశ్న. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా మేనల్లుడు రాసిన ఒక పరీక్షలోంచి వచ్చింది.

2024 వేసవిలో కాలిఫోర్నియాలో వాడి దగ్గర మూడు నెలలున్నాను. శాక్రమెంటో నగరానికి దగ్గర్లో ఫోల్సమ్ అనే పెద్ద జలాశయం ఉంది. సెలవు రోజుల్లో జనం అక్కడ సొంత పడవల్లో తిరుగుతారు. మావాడూ ఒక చిన్న మోటారు పడవ కొన్నాడు. చేపల కోసం కాదు, సరుకు రవాణాకు కాదు, ఉత్త సరదాకి. పడవ వచ్చి ఇంటి ముందు ట్రైలరు మీద కూర్చుంది గాని నీళ్ళలోకి దిగలేదు. ఏమిటంటే, “ఇంకా కార్డు రాలేదు మావయ్యా” అన్నాడు.

కారు నడపడానికి లైసెన్సు ఉన్నట్టే అక్కడ సరదాకి మోటారు పడవ నడిపేవాళ్ళకీ ఒక కార్డు ఉండాలి. భద్రతా పాఠాలు చదివి, పరీక్ష ప్యాసై, 10 డాలర్లు కడితే ఇస్తారు. అది జీవితాంతం చెల్లుతుంది. ఆ చట్టం 2014లో వచ్చింది. అయితే అందరి మీదా ఒక్కసారే రుద్దలేదు. 2018 జనవరి 1న ఇరవై ఏళ్ళు, ఆ లోపు వయసు వాళ్ళతో మొదలుపెట్టి, ఏటేటా వయసు పెంచుతూ వచ్చి, 2025 జనవరి 1 నాటికి ఎంత ముసలివాళ్ళకైనా తప్పనిసరి చేశారు. మావాడికి అప్పటికి 52 ఏళ్ళు. వాడి వంతు 2024లో వచ్చింది.

నాకు నవ్వొచ్చింది. “గౌతమి ఒడ్డున పుట్టినవాడికి పడవ పరీక్షేమిట్రా!” అన్నాను.

యానాం చూడని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. మా ఊరు పుదుచ్చేరిలో భాగమే అయినా చుట్టూ ఉన్నది గోదావరి సీమే. ఇవతల యానాం, అవతల ఎదుర్లంక, మధ్య గౌతమి. వంతెన రాకముందు పెళ్ళికైనా, చావుకైనా, కోర్టు వాయిదాకైనా పంటు మీదో లాంచీ మీదో దాటవలసిందే. సముద్రం దగ్గర గనక ఆటుపోట్లు మా రేవుదాకా వస్తాయి. అందుకని నీళ్ళ సంగతి మాకెవరూ చెప్పనక్కర్లేదని మాకో ధీమా.

ఆ ధీమాతోనే 46 ఏళ్ళుగా చెబుతున్న కథ వాడికి మరోసారి చెప్పాను. 1978 కార్తీకంలో వనభోజనాలకని మా ఇంటిల్లిపాదినీ నాటుపడవలో నేనే తెడ్డు వేసి లంకకి చేర్చిన కథ. నడి ఏట్లో పడవలోకి నీళ్ళొచ్చాయి. అక్కయ్య పులిహోర గిన్నె బోర్లించి ఆ గిన్నెతోనే నీళ్ళు తోడింది. ‘పులిహోర గోదావరి పాలైంది గాని మేం కాలేదు’ అన్న దగ్గర ఎప్పుడూ అందరూ నవ్వుతారు. మావాడు నవ్వలేదు. కంప్యూటరు వైపు తిరిగి పాఠం చదువుకున్నాడు.

నేనూ పక్కన కూర్చుని చూశాను. నాకూ ఓ నమూనా పరీక్ష పెట్టమన్నాను. పది ప్రశ్నల్లో నాలుగు తప్పాను. రెండు మోటారు పడవలు అడ్డదిడ్డంగా ఎదురైతే ఎవరు తప్పుకోవాలి? పెద్ద పడవకి చిన్నది దారివ్వాలి అన్నాను. తప్పు. తన కుడివైపున ఎదుటి పడవ ఎవరికి కనబడుతుందో వాళ్ళు తప్పుకోవాలి. పడవ పెద్దదా చిన్నదా, నడిపేవాడు కలవాడా లేనివాడా అన్న ఊసే లేదు. ముఖాముఖి వస్తే ఇద్దరూ కుడికే మళ్ళాలి. దాటిపోయేవాడే దూరంగా పోవాలి. హారను పొట్టిగా అయిదుసార్లు మోగితే ‘నీ ఉద్దేశం నాకు అర్థం కావడంలేదు, ప్రమాదం’ అని.

వీటన్నిటిలో నన్ను ఆలోచనలో పడేసింది ఒకటుంది. ఎదురైన రెండు పడవల్లో ఒకదాన్ని హక్కు గలదనీ, రెండోదాన్ని భారం గలదనీ అక్కడ పూర్వం పిలిచేవారట. 1972లో కుదిరి 1977లో అమలైన అంతర్జాతీయ నిబంధనలతో ఆ పేర్లు పోయాయి. ఇప్పుడొకటి దారి ఇచ్చే పడవ, రెండోది నిలకడగా సాగే పడవ. అంటే ఇద్దరికీ విధులే. ఒకడు తప్పుకోవాలి. రెండోవాడు తన దిక్కూ వేగమూ మార్చకుండా పోవాలి, లేకపోతే తప్పుకునేవాడికి లెక్క అందదు. తప్పుకోవలసినవాడు తప్పుకోకపోతే మాత్రం, ‘దారి నాదే’ అని కూర్చోకుండా రెండోవాడే పక్కకి మళ్ళాలి. నేల మీద హక్కుల కోసం ఇన్ని తగాదాలు పడే మనిషి, నీళ్ళ మీదికి వచ్చేసరికి హక్కు అన్న మాటనే వదులుకోవలసి వచ్చింది.

తరువాతి పాఠం బరువు గురించి. చిన్న మోటారు పడవల్లో నడిపేవాడికి కనబడేలా ఒక రేకు బిగించి ఉంటుంది. ఎంతమంది ఎక్కవచ్చు, మొత్తం ఎంత బరువు మోస్తుంది అన్నది దాని మీద అచ్చు వేసి ఉంటుంది. అది చదువుతూ మావాడు ఆగాడు.

“మావయ్యా, ఆ రోజు పడవలో ఎంతమందిమి?”

“పదకొండు మందిమి.”

“అమ్మ ఒక చేత్తో నన్ను పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు తోడింది. అమ్మకి ఈత రాదు. నాకు ఆరేళ్ళు, నాకూ రాదు. నీకు తెలుసా?”

తెలుసు అన్నాను. అప్పుడు కూడా తెలుసు.

ఆ కథలో నేను ఎప్పుడూ చెప్పని భాగం ఇది. రేవులో ఆ పొద్దున ఉన్నది ఒకే పడవ. దాని తాత మా నాన్నగారి ఈడువాడు. నేను ఆయన్ని ‘నువ్వు’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘మీరు’ అనేవాడు. మమ్మల్ని చూసి, “ఆరుగురికి మించి ఎక్కకూడదు అబ్బాయిగారూ. ఆటు లాగే వేళ, పైనుంచి సముద్రపు గాలి. రెండు దఫాలుగా దింపుతాను” అన్నాడు. రెండు దఫాలంటే మహా అయితే ఒక గంట ఆలస్యం. నాకు 25 ఏళ్ళు, కొత్తగా ఉద్యోగం, చుట్టూ చుట్టాలు. “నాకు తెడ్డు వెయ్యడం రాదనుకున్నావా తాతా?” అని ఆయన చేతిలో తెడ్డు తీసుకున్నాను. ఆయన గట్టిగా పట్టుకోలేదు. పట్టుకునే వీలు ఆయనకి లేదు. మేం అవతల చేరేదాకా రేవులో నిలబడే ఉన్నాడని తరువాత ఎవరో చెప్పారు. సాయంత్రం లాంచీలో తిరిగొచ్చినప్పుడు ఎదురై ఒక మాటన్నాడు: “ఏరు ఊరుకుంది అబ్బాయిగారూ.” అదేదో మెప్పు అనుకుని నేను నవ్వాను.

అక్కయ్యను ఇచ్చింది అవతలి ఒడ్డునే. తరువాత ఎన్నేళ్ళు పంటు మీద రాకపోకలు చేసినా, ఎక్కగానే నడిమధ్యకి వెళ్ళి నిలబడి కళ్ళు మూసుకునేది. మా అక్కయ్యకి గోదావరమ్మంటే భక్తి అని వేళాకోళం చేసేవాణ్ణి. అది భక్తి కాదని ఆ రోజు కాలిఫోర్నియాలో తట్టింది. అడుగుదామంటే ఆమె ఇప్పుడు లేదు.

సరే, అసలు ప్రశ్నకి వస్తాను. నేను చేసింది తప్పా? ఎవరూ మునగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోయింది ఒక గిన్నెడు పులిహోర. అదే పడవ తిరగబడి ఉంటే నన్ను హంతకుడనేవాళ్ళు, నేనూ అనుకునేవాణ్ణి. రెండు సందర్భాల్లోనూ నేను చేసింది అక్షరాలా ఒకటే. తేడా అంతా గాలిలో, ఆటులో ఉంది. వాటి మీద నాకు అధికారం లేదు. నా చేతిలో లేనిదాన్ని బట్టి నేను మొనగాణ్ణో హంతకుణ్ణో ఎలా అవుతాను?

ఈ చిక్కును పాశ్చాత్య తత్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో చర్చకు పెట్టారు. దానికి వాళ్ళు పెట్టిన పేరును నైతిక అదృష్టం అని మనం అనుకోవచ్చు. నేగెల్ ఇచ్చిన ఉదాహరణ ఒక లారీ డ్రైవరు. బ్రేకులు చూపించుకోకుండా బయల్దేరాడు. దారిలో పిల్లవాడు అడ్డం వస్తే జీవితాంతం కుమిలిపోతాడు. ఎవరూ అడ్డం రాకపోతే అది చిన్న అశ్రద్ధ, అంతే. రెండోవాడు మొదటివాడికన్నా మంచివాడేమీ కాదు, అదృష్టవంతుడు. ఏరు ఊరుకుంది అన్న తాత మాటకి అర్థం కూడా ఇదే. ఆయన నన్ను మెచ్చుకోలేదు. మెప్పు నాకు రావలసింది కాదని చెప్పాడు.

మన పెద్దల దగ్గర కూడా ఈ రెండు చూపులూ ఉన్నాయి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం పడవవాళ్ళ తప్పు వల్ల ప్రయాణికుడి సొమ్ము పోతే పడవవాళ్ళందరూ కలిసి ఇచ్చుకోవాలంటుంది, దైవికంగా పోతే దండన లేదంటుంది. అంటే నష్టం జరిగాక మొదలయ్యే విచారణ. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నావధ్యక్షుడి ప్రకరణం ఇంకోలా ఉంటుంది. వేళ కాని వేళ, రేవు కాని చోట ఏరు దాటితేనే దండన. సరైన వేళ సరైన రేవులో దాటినా, అనుమతి లేకపోతే 26¾ పణాలు. మునిగావా తేలావా అని అడగడు. చేపలు పట్టేవాళ్ళకి, కట్టెలూ గడ్డీ మోసేవాళ్ళకి, పశువుల కాపరులకి మినహాయింపు ఇచ్చాడు. కాలిఫోర్నియా చట్టం కూడా వృత్తిగా చేపలు పట్టే లైసెన్సు ఉన్నవాళ్ళని ఈ కార్డు అడగదు. ఇంకో సంగతి: సిబ్బందో సామగ్రో లేక, మరమ్మతు లేక పడవ పోతే నష్టం నావధ్యక్షుడే ఇచ్చుకోవాలన్నాడు కౌటిల్యుడు. అంటే అనుమతి అడిగే అధికారికీ బాధ్యత ఉంది.

లైసెన్సు అన్నది ఈ రెండో చూపులోంచి పుట్టింది. ఏరు ఏం చేసిందని కాదు, నువ్వేం చేశావని అడుగుతుంది. అదీ అవతలి ఒడ్డున కాదు, ఇవతలి ఒడ్డునే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. అమెరికా కోస్ట్ గార్డు లెక్కల్లో 2023లో సరదా పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. నడిపేవాడి శిక్షణ సంగతి తెలిసినంతవరకు చూస్తే, ఆ చావుల్లో నాలుగింట మూడు వంతులు శిక్షణ లేనివాళ్ళు నడిపిన పడవల మీదే. అంతమాత్రాన శిక్షణే కాపాడుతుందని రుజువైపోదు. శిక్షణ లేనివాళ్ళే ఎక్కువగా ఉన్నచోట చావుల్లోనూ వాళ్ళే ఎక్కువ కనబడతారు. మునిగి చనిపోయినవాళ్ళలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదన్న లెక్క మాత్రం కళ్ళు తెరిపిస్తుంది. ఇక చట్టంలో కంతలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో అద్దెకు తీసుకున్న పడవ నడిపేవాడికి కార్డు అక్కర్లేదు. ఎప్పుడూ పడవ ఎక్కనివాడే అద్దెకు తీసుకుంటాడు కదా! ఒకసారి ప్యాసైన పరీక్ష జీవితాంతం చెల్లుతుందనడం కూడా వింతే. నీళ్ళు చేసిన హెచ్చరిక మనిషి జీవితాంతం గుర్తుపెట్టుకోడు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మా రేవులోనే ఉంది. ఆ తాతకి చదువు రాదు. ఈ పరీక్షకి ఆయన కూర్చుంటే సున్నా వచ్చేది. నేను రెండోసారి రాస్తే ప్యాసయ్యేవాణ్ణి. కాగితాన్ని నమ్మితే ఆ పొద్దున తెడ్డు నాకివ్వాలి, ఆయన్ని ఒడ్డున నిలబెట్టాలి. చేతికి తెలిసిన విద్యను కాదని కాగితానికి పట్టం కట్టడమేనా లైసెన్సు అంటే? చాలా రోజులు నేనూ అలాగే వాదించాను.

ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. ఆ రోజు మా రేవులో కరువైంది తెలివి కాదు. ఎంతమంది ఎక్కాలో, ఏ వేళ దాటాలో తెలిసినవాడు అక్కడే ఉన్నాడు. అడగకుండానే చెప్పాడు. లేనిదల్లా ఆయన ‘వద్దు’కి బలం. ఆయన పేదవాడు, నేను అబ్బాయిగారిని. ఆయన నోట వచ్చిన వద్దు నాకు సలహాగా వినిపించింది, సలహా కూడా కాదు, బతిమాలడంగా వినిపించింది. అదే మాట ఆ పడవ మీద రేకులో ఉండి, దాటితే జుల్మానా అని ఉంటే నేను గొణుక్కుంటూనైనా రెండు దఫాలుగా వెళ్ళేవాణ్ణి. చదువు లేనివాణ్ణి అవమానించే కాగితాలు చాలానే ఉన్నాయి, కాదనను. తెలిసినవాడి మాటకి వెన్నుదన్నుగా నిలిచే కాగితం కూడా ఒకటుంటుంది. అది రాసేటప్పుడు అలాంటి తాతల్ని కూర్చోబెట్టుకుని రాయాలి, వాళ్ళకి నోటితో పరీక్ష పెట్టాలి, అది వేరే మాట. కాగితమే వద్దనడం మాత్రం తాతను గౌరవించడం కాదు. తెడ్డు లాక్కునే అబ్బాయిగారి చేతికి ఇంకాస్త బలం ఇవ్వడమే.

న్యూయార్కు రాష్ట్రంలో ఇలాంటి చట్టమే 2019లో వచ్చింది. 2005లో ఇంకో పడవ వచ్చి ఢీకొన్న ప్రమాదంలో చనిపోయిన 11 ఏళ్ళ పాప పేరు దానికి పెట్టారు. మధ్యలో 14 ఏళ్ళు. చట్టాలు ఇలా చావుల వెనకే నడుచుకుంటూ వస్తాయి. మన దగ్గరా అంతే. మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ 1924 జనవరిలో పల్లన దగ్గర మునిగి పోయింది కిక్కిరిసిన పడవలోనే. నూరేళ్ళ తరువాత కూడా అదే కేరళలో, తానూరులో, 2023 మే 7న పర్యాటకుల పడవ తిరగబడి 22 మంది పోయారు. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న, వరద పారుతుండగా, కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర పడవ మునిగితే బయటపడ్డవాళ్ళు 26 మందే. లోపలి జలమార్గాల పడవలకు 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్లు, తనిఖీలు, నడిపేవాళ్ళకి అర్హత పత్రాలు అన్నీ అందులో ఉన్నాయి.

ప్రతి ప్రమాదం తరువాతా విచారణ వేస్తాం, మునిగిన పడవ లెక్కంతా తీస్తాం. అంతకు ముందు రోజు అంతమందితోనే వెళ్ళి ఒడ్డు చేరిన పడవల లెక్క ఎవరూ రాయరు. నిజానికి ప్రమాదం తయారయ్యేది వాటిలోనే. ఒడ్డు చేరిన ప్రతి తప్పూ, ఇంతమందిని ఎక్కించినా ఫరవాలేదని మనకి పాఠం నేర్పుతుంది. నేను 46 ఏళ్ళు నవ్వుతూ చెప్పిన కథ కూడా అలాంటి పాఠమే. అది విని ఇంకెంతమంది కుర్రాళ్ళు ఇంకెన్ని తెడ్లు లాక్కున్నారో!

మావాడికి కార్డు వచ్చింది. ఒక ఆదివారం పడవను జలాశయానికి తీసుకెళ్ళాం. రేకు మీద ఆరుగురు అని ఉంది. వాడు, భార్య, ఇద్దరు పిల్లలు, వాడి స్నేహితుడు, ఆయన భార్య, నేను. మొత్తం ఏడుగురం. వాడు వేలుతో లెక్కపెట్టి నా వైపు చూశాడు.

“రెండు దఫాలు వేస్తాను మావయ్యా” అన్నాడు.

ఆ మాట వాడికెవరూ చెప్పలేదు. ఆ రోజు రేవులో విన్నది వాడి చెవిలో ఉండిపోయిందో, లేక నీళ్ళ దగ్గర బుద్ధిగా ఉండేవాళ్ళందరికీ అదే మాట వస్తుందో. నేను రెండో దఫాలో వస్తానని ఒడ్డున ఆగిపోయాను. పిల్లలకి లైఫ్ జాకెట్లు బిగించి, పడవ తీసుకుని పోయాడు. అది చిన్నదైపోయి, మలుపు తిరిగి, మళ్ళీ కనబడేదాకా నేను కూర్చోలేకపోయాను. ఏమీ కాదని తెలుసు. అయినా నిలబడే ఉన్నాను. పదకొండు మందిని ఎక్కించుకుని పోతున్న కుర్రాణ్ణి చూస్తూ మా రేవులో ఒక ముసలాయన ఎలా నిలబడి ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది.

రెండో దఫాలో నన్నూ తిప్పాడు. ఆ రోజు కూడా ఏమీ కాలేదు. ఈసారి ఆ మాట అనడానికి మాకు కాస్త అర్హత ఉంది.